చెన్నైలో ఏడేళ్లు, మళ్లీ విశాఖ: ఉండటానికి ఏది మేలు?

నేను పుట్టి పెరిగింది విశాఖపట్నంలో, పెదవాల్తేరులో. ఎవరైనా మా ఊరిని పొగిడితే విని ఊరుకునేదాన్ని. రోజూ కళ్లెదుట ఉండే సముద్రం గురించి, కొండ గురించి కొత్తగా అనుకోవడానికి ఏముంటుంది? 2012లో ఉద్యోగం వచ్చి చెన్నై వెళ్లాను. వేళచ్చేరిలో ఏడేళ్లున్నాను. 2019 ఆగస్టులో తిరిగొచ్చేశాను. ఇప్పుడు మా పిన్ని కొడుక్కి చెన్నైలో ఆఫర్ వచ్చింది. విశాఖలో కూడా ఒక ఉద్యోగం చేతిలో ఉంది, జీతం కొంచెం తక్కువ. "అక్కా, నువ్వు రెండూ చూశావు కదా, ఏది మేలు?" అని వారం రోజులుగా అడుగుతున్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

రెండూ బంగాళాఖాతం ఒడ్డు ఊళ్లే, రెండూ రేవు పట్టణాలే. మధ్యలో సుమారు 800 కిలోమీటర్ల రైలు దారి. ఇన్ని పోలికలున్నాయి కాబట్టే తేడాలు బాగా కనపడతాయి.

సముద్రంతోనే మొదలుపెడతాను. చెన్నై వెళ్లిన మొదటి ఆదివారం ఇంటి మీద బెంగ పెట్టుకుని మెరీనాకి వెళ్లాను. రోడ్డు దాటి ఇసుకలో దిగి నడుస్తున్నాను, నడుస్తున్నాను, నీళ్లు రావే! బజ్జీల బళ్లు దాటాలి, రంగులరాట్నాలు దాటాలి, గుర్రాలు దాటాలి. అప్పుడుగానీ అల కాలికి తగల్లేదు. మా ఆర్కే బీచ్‌లో అలా కాదు. రోడ్డు పక్క గోడ మీద కూర్చుంటే అల మొహం మీదికి వచ్చినట్టే ఉంటుంది.

ఈ తేడా ఎందుకో చాలా రోజులకి తెలిసింది. మన తూర్పు తీరం వెంబడి ఇసుక ఏడాది మొత్తం లెక్కలో దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ ఉంటుంది. 19వ శతాబ్దం చివర్లో మదరాసు రేవు కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టారు. కదిలే ఇసుక ఆ గోడల దగ్గర ఆగిపోయింది. రేవుకి దక్షిణాన ఉన్న మెరీనాలో ఇసుక ఏటేటా పేరుకుని మైదానమంత అయింది. ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది, అక్కడ ఒడ్డంతా బండరాళ్లు వేశారు. ఇప్పుడు విశాఖ చూడండి. మా రేవుకి ఆర్కే బీచ్ ఉత్తరాన ఉంది. అంటే చెన్నైలో రాయపురం ఎక్కడో, మాకు ఆర్కే బీచ్ అక్కడ. 1970ల్లో ఔటర్ హార్బర్ కట్టాక మా ఒడ్డుకి రావాల్సిన ఇసుక అక్కడే ఆగుతోంది. దాన్ని డ్రెడ్జర్‌తో తవ్వి, గొట్టాల్లో నీళ్లతో కలిపి తెచ్చి బీచ్‌లో పోస్తారు. చిన్నప్పుడు ఆ నల్లటి నీళ్లు ఒడ్డున పడుతుంటే ఏదో మురికి వదులుతున్నారనుకునేదాన్ని. అది మా బీచ్‌కి అన్నం పెట్టడమని చెన్నైలో ఉన్నప్పుడు చదివి తెలుసుకున్నాను.

కాబట్టి వెడల్పు కావాలంటే మెరీనా. పిల్లల్ని వదిలేసి ఆడించుకోవచ్చు, లక్షమంది వచ్చినా పడతారు. దగ్గరితనం కావాలంటే విశాఖ. ఈతకి మాత్రం రెండూ పనికిరావు, లోపలికి లాగేస్తాయి. ఆర్కే బీచ్‌లో పోయిన ప్రాణాలకి లెక్కలేదు. కాలు తడుపుకుని వచ్చేయమని ఇప్పటికీ ఎవరికైనా చెబుతాను.

ఇక కొండలు. ఈ విషయంలో పోటీయే లేదు. చెన్నై బల్లపరుపుగా ఉంటుంది. పరంగిమలై అని ఒక గుట్ట ఉంది, అక్కడి నుంచి విమానాలు దిగడం చూడొచ్చు. అంతే. విశాఖలో కైలాసగిరి మీద నిలబడితే ఒక చేతివైపు ఊరు, ఒక చేతివైపు సముద్రం, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. తూర్పు కనుమలు నేరుగా నీళ్లలో కాళ్లు పెట్టిన చోటు అది. పాత ఊళ్లో రేవుకి ఎదురుగా మూడు చిన్న కొండలున్నాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. స్కూల్లో చదివేటప్పుడు వాటి కిందుగా వందసార్లు వెళ్లాను. మూడూ ఎక్కింది మాత్రం చెన్నై నుంచి వచ్చాకే. ఒక తమిళ స్నేహితురాలు ఊరు చూడటానికి వస్తే తనకి చూపించడం కోసం ఎక్కాను. తను చర్చి ఉన్న రాస్ హిల్ మీద అలా నిలబడిపోయి, "రోజూ దీని కింద నుంచి వెళ్లేవాళ్లా మీరు?" అంది.

తిరగడానికి మాత్రం చెన్నైదే పైచేయి. బీచ్ స్టేషన్ నుంచి తాంబరానికి కరెంటు రైలు 1931లోనే వచ్చింది. మెట్రో 2015లో మొదలైంది. మా వేళచ్చేరి నుంచి ఎత్తు మీద నడిచే రైలెక్కితే ముప్పావుగంటలో సముద్రం పక్కన దిగొచ్చు. రాత్రి పదింటికి ఒక్కదాన్నే లేడీస్ పెట్టెలో కూర్చుని వచ్చిన రోజులున్నాయి, ఎప్పుడూ భయం వేయలేదు. విశాఖలో లోకల్ రైళ్లు లేవు, మెట్రో గురించి ఏళ్లుగా వింటున్నాం. గాజువాక నుంచి ఊళ్లోకి రోజూ బండి మీద వచ్చేవాళ్లని అడగండి, ఎన్‌ఏడీ కూడలి దగ్గర సాయంత్రం ట్రాఫిక్ ఎలా ఉంటుందో చెబుతారు. అయితే ఒకటి. చెన్నైలో రైలుంది కాబట్టి ఆఫీసు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్నా సరేననుకుంటాం. రోజుకి రెండున్నర గంటలు పోయేవి నాకు. ఇక్కడ ఇప్పుడు ఇంటి నుంచి ఆఫీసుకి పదిహేను నిమిషాలు. సాయంత్రం ఆరున్నరకి ఇంట్లో టీ తాగి, ఏడింటికి బీచ్ రోడ్డు మీద నడుస్తూ ఉంటాను. భీమిలి వెళ్లాలనిపిస్తే 900K నంబరు సిటీ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే చాలు, చాలా దూరం సముద్రం పక్కనే వస్తుంది.

తిండి సంగతి. పొద్దున టిఫిన్‌కి చెన్నై. మెత్తటి ఇడ్లీ, ఆ సాంబారు, ఆ ఫిల్టర్ కాఫీ ఏ సందులోకి వెళ్లినా దొరుకుతాయి. కాఫీ పండేది మా అరకులో, కాచడం తెలిసింది వాళ్లకి. అరకు పొడి తీసుకెళ్లి మా ఇంటి ఓనరు మామికి ఇస్తే, ఇత్తడి ఫిల్టర్‌లో రాత్రి డికాషన్ వేసి పొద్దున ఇచ్చింది. ఆ రుచి మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు నేనూ అలాంటి ఫిల్టరే వాడుతున్నాను.

సాయంత్రానికి మాత్రం విశాఖ. మెరీనాలో సుండల్ బాగుంటుంది. ఉడికించిన బఠానీలు, పచ్చిమామిడి ముక్క, కొబ్బరి, వేడివేడిగా. కానీ మురీ మిక్స్‌చర్ ముందు నాకు ఏదీ ఆనదు. మిగతా చోట్ల మరమరాలు, బొరుగులు అనేవాటినే మా ఉత్తరాంధ్రలో మురీలంటారు. బండివాడు సత్తు డబ్బాలో రెండు గుప్పిళ్ల మురీలు పోస్తాడు. సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, వేయించిన పల్లీలు, కాస్త కారప్పూస, ఉప్పు, కారం వేసి, పైన నిమ్మచెక్క పిండుతాడు. గరిటెతో డబ్బా గోడకి టకటకా కొడుతూ కలుపుతాడు. ఆ చప్పుడుకే నోరూరుతుంది. కాగితం పొట్లంలో పోసి, తినడానికి చిన్న అట్టముక్క ఇస్తాడు. మురీలు మెత్తబడకముందే, రెండు మూడు నిమిషాల్లో తినేయాలి. ఇంటికి పొట్లం కట్టించుకుంటే ఆ రుచి రాదు.

చేపల దగ్గర గొడవ లేదు. వాళ్ల వవ్వాల్ మన చందువ, వాళ్ల నెత్తిలి మన నెత్తళ్లు. రెండు ఊళ్లలోనూ తాజాగా దొరుకుతాయి.

డిసెంబరు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మార్గళి మాసంలో చెన్నై ఊరంతా సంగీతమే. మైలాపూర్‌లో ఒక సభ నుంచి ఇంకో సభకి నడిచి వెళ్లొచ్చు. పొద్దున జరిగే కచేరీలు చాలావాటికి టికెట్టు కూడా ఉండదు. వేదిక మీద తమిళులు త్యాగరాజ కీర్తన పాడుతుంటే, పక్కనున్న మామి చెవిలో "ఈ మాటకి అర్థం ఏంటమ్మా?" అని అడిగేది. నేను చెప్పేదాన్ని. నా భాషని నేను అంత శ్రద్ధగా విన్నది ఆ హాళ్లలోనే. ఆ మైలాపూర్‌లోనే, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో, పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న కన్నుమూశారు. అక్కడి స్మారక భవనం ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ కాసేపు ఆగేదాన్ని.

దాదాపు అవే రోజుల్లో మా విశాఖ బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి మార్గశిర గురువారాలు. ఆ అమ్మవారికి పైన కప్పు లేదు, ఆకాశం కిందే ఉంటుంది. ఎవరైనా సరే దగ్గరికి వెళ్లి తమ చేతులతో పసుపు, కుంకుమ పెట్టొచ్చు. మా అమ్మ తెల్లవారుజామున లేచి లైన్లో నిలబడేది. చిన్నప్పుడు ఆ చలిలో నిద్రపాడని విసుక్కునేదాన్ని. చెన్నైలో పెద్ద పెద్ద గోపురాలు చూసి, దూరం నుంచి దణ్ణం పెట్టుకుని వచ్చాక, అమ్మవారి పాదాల మీద నా చెయ్యి ఆనించడం ఎంత గొప్పో తెలిసింది. సంగీతానికి చెన్నైని మించిన ఊరు లేదు. కానీ ఈ గురువారాలు నాకు అక్కడ దొరకలేదు.

కష్టకాలంలో ఎలా ఉంటాయో కూడా చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ మీద పడింది. నేను చెన్నైలో ఉన్నాను. నాలుగు రోజులు ఇంటికి ఫోన్ కలవలేదు. ఆ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు. తర్వాత సెలవు పెట్టి వస్తే యూనివర్సిటీ దగ్గర చెట్లన్నీ పడిపోయి ఉన్నాయి, కైలాసగిరి గోధుమరంగులో బోడిగా ఉంది. మరుసటేడు డిసెంబరులో చెన్నైకి వరద. వేళచ్చేరిలో మా కింది వాటా మునిగింది. మేడ మీద మూడు కుటుంబాలం, ఒక్క గ్యాస్ స్టవ్వు. మామి రోజుకి రెండుసార్లు అన్నం, రసం వండి అందరికీ పెట్టింది. అప్పటిదాకా నేను ఆ ఇంట్లో అద్దెకున్న మనిషిని, ఆ తర్వాత వాళ్లింటి పిల్లని.

2019 వేసవిలో నీళ్లు లేవు. చెంబరంబాక్కం, పూండి చెరువులు ఎండిపోయాయి. మా వీధికి ట్యాంకరు వస్తే బిందెలు పట్టుకుని పరుగులు. జూలైలో జోలార్‌పేట నుంచి 25 లక్షల లీటర్ల నీళ్లు రైల్లో తెచ్చారు. తెలుగుగంగ కాలువలో మన కృష్ణ నీళ్లు వస్తాయని ఎదురుచూసే ఊరు అది. విశాఖ నీళ్లు కూడా ఏలేరు, రైవాడ, తాటిపూడి లాంటి దూరపు చోట్ల నుంచే రావాలి. అందుకే ఈ విషయంలో మా ఊరు గొప్పదని అనను. ఊరు పెరిగేకొద్దీ మాకూ ఆ రోజు రావచ్చు, ఇప్పటి నుంచే జాగ్రత్తపడాలి. గాలి కూడా అంతే. పాత ఊళ్లో మా అత్తయ్య వాళ్ల కిటికీ ఊచల మీద వేలు పెట్టి గీస్తే రేవు నుంచి వచ్చే నల్లటి బొగ్గు పొడి అంటుకుంటుంది. రోజూ తుడిచినా అంతే. బీచ్ ఫోటోలు చూసి విశాఖకి వచ్చేవాళ్లకి ఈ విషయం ఎవరూ చెప్పరు.

ఉద్యోగాలకి, చదువుకి, పుస్తకాలకి చెన్నై. 1896 నుంచి ఉన్న కన్నెమరా లైబ్రరీ ఒక్కటి చాలు. వైద్యానికి ఒకప్పుడు మావాళ్లందరూ చెన్నై, వేలూరు రైలెక్కేవాళ్లు. ఇప్పుడు చాలావాటికి అక్కర్లేదు.

భాష సంగతి చివరికి ఉంచాను. చెన్నైలో తమిళం బాగానే నేర్చుకున్నాను, ఆటో బేరం దాకా వచ్చింది. అక్కడి మనుషులు నన్ను ఎప్పుడూ పరాయిదానిలా చూడలేదు. కానీ ఏడేళ్లపాటు పగలంతా ఆలోచించి మాట్లాడేదాన్ని. తిరిగొచ్చిన రోజు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర పూలు కొంటుంటే, చేతిలో పెట్టె చూసి పూలమ్మే ఆవిడ, "ఏటమ్మా, ఊర్నించి ఒచ్చీసినావా?" అంది. వచ్చేశావా అనే మాటని 'ఒచ్చీసినావా' అని మా వైపే అంటారు. కాలేజీ రోజుల్లో ఆ యాస బయటపడకూడదని నేనే జాగ్రత్తగా మాట్లాడేదాన్ని. ఆ రోజు మాత్రం "ఒచ్చీసినానమ్మా" అన్నాను. గొంతు పట్టేసింది.

కాబట్టి మా తమ్ముడికి నా మాట ఇది: ఇరవై మూడేళ్లు, పెళ్లి కాలేదు, పని నేర్చుకోవాలి, చెన్నై వెళ్లు. నాలుగైదేళ్లుండు, రైళ్లలో తిరుగు, డిసెంబరులో పాటలు విను. అమ్మానాన్నలు పెద్దవాళ్లై, జీతం కంటే సాయంత్రాలు ముఖ్యం అనిపించిన రోజున విశాఖ. నా వరకైతే ఇప్పుడు విశాఖే మేలు, అందులో నాకు అనుమానం లేదు. వాడు ఇప్పుడే ఇక్కడి ఉద్యోగంలో చేరిపోతే ఊళ్లోనే ఉంటాడు గానీ, నాలాగే దీన్ని చూడకుండా ఉంటాడేమోనని నా దిగులు.

వాడు చెన్నై వైపే మొగ్గాడు. మొన్న స్టేషన్‌కి దిగబెట్టడానికి వెళ్లాం. మా స్టేషన్‌కి హౌరా వైపు నుంచి వచ్చిన బండి చెన్నై వెళ్లాలంటే మళ్లీ వచ్చిన వైపే బయల్దేరాలి. అందుకని ఇంజన్ రెండో చివర తగిలిస్తారు. ఆ కాసేపట్లో పిన్ని కిటికీలోంచి మాడుగుల హల్వా పొట్లం అందించి, సగం మామికి ఇవ్వమని మూడుసార్లు చెప్పింది. బండి కదిలాక వాడు కిటికీ ఊచలకి మొహం ఆనించి కొండల వైపు చూస్తున్నాడు.