సెకండ్‌హ్యాండ్ కారవాన్‌కి కాటా వేయించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి

జూలై స్కూలు సెలవులకు కారవాన్ (కారు వెనక తగిలించి లాగే, పడకలూ వంటగదీ ఉన్న బండి) కొనుక్కుని, నల్లార్బర్ అనే విశాలమైన మైదానం మీదుగా సముద్రం పక్కనే పడమటికి వెళ్దామని అడిలైడ్, మెల్‌బోర్న్‌లో మనవాళ్ళు చాలామంది అనుకుంటున్నారు. తప్పకుండా వెళ్ళండి, చూడాల్సిన చోటే. బండి కొనే దగ్గర మాత్రం జాగ్రత్త. అడిలైడ్ ఉత్తరాన కారవాన్లు అమ్మే ఒక యార్డు వాళ్ళు 38,000 డాలర్లకు మాకు అంటగట్టిన కారవాన్ నల్లార్బర్ రోడ్‌హౌస్ దాటలేదు. తగాదా ఇంకా తేలలేదు కాబట్టి డీలర్ పేరు రాయడం లేదు. వాళ్ళు ఎక్కడ, ఎలా దాచారో తెలిస్తేనే మీకు ఉపయోగం.

ప్రకటనలో ఆ బండిని "ఫ్యామిలీ ఆఫ్‌రోడ్ ప్యాక్" అన్నారు. వెనక పిల్లలకు రెండు బంక్ బెడ్లు, ముందు పెద్ద మంచం, పక్కన చిన్న వంటగది. ఇవి కాక "ఫ్రీగా వేశాం" అని చెప్పినవి: పైకప్పు మీద రెండు అదనపు సోలార్ ప్యానెళ్ళు, ఇంకో బ్యాటరీ, పెద్ద పందిరి గుడ్డ, వెనక బంపర్ మీద ఇనుప టూల్‌బాక్స్, రెండో స్టెపినీ, జెర్రీక్యాన్ల స్టాండు. చూడటానికి ముచ్చటగానే ఉంది. పైన పటారం, లోన లొటారం అని తర్వాత తెలిసింది.

అసలు మోసం బరువులో ఉంది. కారవాన్ ముందు భాగంలో ఒక చిన్న లోహపు ప్లేటు ఉంటుంది. దాని మీద టేర్ అంటే ఖాళీ బండి బరువు, ఏటీఎం అంటే సామానూ నీళ్ళూ అన్నీ కలిపి ఆ బండి ఉండదగ్గ గరిష్ఠ బరువు. మా ప్లేటు మీద టేర్ 2,050 కిలోలు, ఏటీఎం 2,500. అంటే మేం 450 కిలోలు వేసుకోవచ్చు. సేల్స్‌మన్ కూడా అదే అంకె చూపించి "ఫ్యామిలీకి సరిపోయి మిగులుతుంది" అన్నాడు. మా ఆయన ఇంటి దగ్గర బట్టలు, వంట సామాను, మడత కుర్చీలు, గ్యాస్ సిలిండర్లు అన్నీ స్కేలు మీద పెట్టి, ట్యాంకుల్లో సగం నీళ్ళు కూడా కలిపి 380 కిలోలకు లెక్క కట్టారు. అత్తయ్యగారి బియ్యం బస్తా, ఆవకాయ, ప్రెషర్ కుక్కర్ కూడా ఆ లెక్కలోనే ఉన్నాయి.

ఆ టేర్ బండి ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రోజుది. ఆ తర్వాత యార్డులో బిగించినవేవీ అందులో లేవు. మామూలుగా ట్యాంకుల్లో నీళ్ళూ, సిలిండర్లలో గ్యాసూ కూడా టేర్‌లో కలపరు. పైన చెప్పిన ఫ్రీ సరుకంతటితో మా ఖాళీ బండి అసలు బరువు 2,310 కిలోలు. అంటే మాకు మిగిలింది 190. మా కారవాన్‌కి 95 లీటర్ల నీళ్ళ ట్యాంకులు రెండున్నాయి. అవి రెండూ నింపితే 190 కిలోలూ అక్కడికక్కడే అయిపోయాయి, ఒక దుప్పటి కూడా పెట్టుకోవడానికి వీల్లేదు. వాళ్ళు ఫ్రీగా ఇచ్చామన్న ప్రతి వస్తువూ మా బియ్యం బస్తా చోటులోంచి ఇచ్చిందే.

మామయ్యగారు మండపేట దగ్గర రైస్ మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. మమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడే ఈ ప్రయాణం పెట్టుకున్నాం. యార్డులోనే ఆయన "ఖాళీ బండి కాటా చీటీ ఏదమ్మా?" అని అడిగారు. నేను ఇంగ్లీషులో అడిగితే సేల్స్‌మన్ నవ్వి "ప్లేటు ఉంది కదా" అన్నాడు. ధాన్యం లారీకి కూడా మన దగ్గర ఖాళీ కాటా, లోడు కాటా రెండూ వేయనిదే చీటీ రాయరు. ఇక్కడ మనుషులు పడుకునే బండికి అది అడిగితే చాదస్తం కింద లెక్క!

ఇక దారి సంగతి. అడిలైడ్ నుంచి సెడూనా అనే ఊరు దాదాపు 780 కిలోమీటర్లు. అక్కడి నుంచి పడమటికి నార్స్‌మన్ దాకా సుమారు 1,200 కిలోమీటర్లు, మధ్యలో పెద్ద ఊరు లేదు. పెట్రోలు బంకూ, మోటెలూ, భోజనం అన్నీ కలిసిన రోడ్‌హౌస్‌లే దిక్కు. ఫోన్ సిగ్నల్ కూడా వాటి చుట్టుపక్కలే. సెడూనా దాకా బండి కాస్త బరువుగా లాగుతున్నట్టు అనిపించింది తప్ప ఏమీ తెలియలేదు. పీనాంగ్ అనే చిన్న ఊరు దాటాక ఎదురుగాలి మొదలైంది. ఒకదాని వెనక ఒకటిగా ట్రెయిలర్లు లాగే రోడ్ ట్రెయిన్లు పక్క నుంచి దూసుకెళ్ళినప్పుడల్లా కారవాన్ తోక ఊగడం మొదలుపెట్టింది. మొదట కొంచెం, తర్వాత కారు వెనక భాగాన్ని కూడా పక్కకు ఈడ్చేంతగా.

దీనికీ కారణం ఆ ఫ్రీ ప్యాకే. కారవాన్ బరువులో పదో వంతు దాకా ముందు కొక్కెం మీద, అంటే కారు టోబాల్ మీద పడాలి. వెనక టూల్‌బాక్సు, రెండు స్టెపినీలు, జెర్రీక్యాన్లు వేలాడదీస్తే వెనక దిగి ముందు తేలిపోతుంది. మా కొక్కెం మీద ఉన్నది 140 కిలోలే. బండి ఊగినప్పుడు కంగారుపడి కారు బ్రేకు తొక్కకూడదు, స్టీరింగ్ గట్టిగా తిప్పకూడదు. ఆక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసి, కారవాన్ బ్రేకులు మాత్రమే పనిచేసే బటన్ చేత్తో నొక్కాలి. కారు డ్యాష్‌బోర్డు దగ్గర బ్రేక్ కంట్రోలర్ మీద ఉంటుంది ఆ బటన్. మా ఆయన అలా చేయబట్టే ఇవాళ ఇది రాయగలుగుతున్నాను. ఆ బటన్ ఎక్కడుందో, నొక్కితే నిజంగా పట్టుకుంటుందో యార్డులోనే చూసుకోండి.

యలాటా అనే ఊరు దాటాక కారవాన్ ఎడమ వెనక టైరు పేలింది. పేలిన టైరు రబ్బరు చీలికలు చక్రం పైన ఉన్న రేకుని చీల్చి, బంక్ బెడ్డు కింద నేల చెక్కని కొట్టాయి. కిందికి వంగి చూస్తే ప్లైవుడ్ నల్లగా ఉంది. వేలితో పొడిస్తే నానబెట్టిన అటుకుల్లా ఊడొచ్చింది. దాని మీద లోపల కొత్త వినైల్ షీటు అంటించి, బయట అతుకుల మీద తెల్ల సిలికాన్ దట్టంగా పూశారు. టైరు గుర్తు చూస్తే 2314. చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం: 2014లో 23వ వారం. గీతలు లోతుగానే ఉన్నాయి కదా అని టైరు వయసు ఎవరూ చూడరు. ఎండలో నిలబడి నిలబడి రబ్బరు లోపల్నుంచి చస్తుంది. యార్డు వాళ్ళు పైన నల్లటి పాలిష్ కొట్టారు.

స్టెపినీ వేసి నెమ్మదిగా నల్లార్బర్ రోడ్‌హౌస్ చేరితే, పక్క కారవాన్‌లో ఉన్న పెద్దాయన కింద దూరి చూసి స్ప్రింగ్ పట్టీ ఒకటి విరిగిందని చూపించారు. ఇక కదలడానికి లేదు. టో ట్రక్కు సెడూనా నుంచి రావాలి, దాదాపు 300 కిలోమీటర్లు. దారిలో బండి ఆగిపోతే సాయానికి వచ్చే మా రోడ్‌సైడ్ మెంబర్‌షిప్ కారుకే గానీ కారవాన్‌కి లేదు, దానికి వేరే ప్లాన్ కట్టాలట. బిల్లు 2,400 డాలర్లు. అక్కడ ఎవరితో బేరమాడతాం?

ట్రక్కు వచ్చేలోపు కారులో హెడ్ ఆఫ్ బైట్ అనే సముద్రతీరపు చోటికి వెళ్ళొచ్చాం. అది మాత్రం ఈ ప్రయాణంలో ఎవరూ పాడు చేయలేకపోయిన భాగం. బండా క్లిఫ్స్ అని సుమారు 100 కిలోమీటర్ల పొడవున సున్నపురాయి గోడ నిటారుగా సముద్రంలోకి దిగుతుంది. దక్షిణ ధృవం వైపు నుంచి సదర్న్ రైట్ తిమింగలాలు చలికాలంలో పిల్లల్ని కనడానికి ఇక్కడికి వస్తాయి. చెక్క వంతెన మీద నిలబడితే తల్లీ పిల్లా పక్కపక్కనే తేలుతూ కనిపించాయి. పెద్దవి 80 టన్నుల దాకా ఉంటాయని బోర్డు మీది అంకె చదివి చెబితే, "దీన్ని ఎవరు కాటా వేశారో!" అన్నారు మామయ్యగారు. అత్తయ్యగారు ఆ రోజు మొదటిసారి నవ్వారు.

సెడూనాలో వర్క్‌షాప్ వాళ్ళు స్ప్రింగ్ మార్చాక ముందు చేసిన పని బండిని కాటా మీద పెట్టడం. 2,690 కిలోలు. అంటే పరిమితి కంటే 190 ఎక్కువ. ప్లేటు ప్రకారం మా సామానుతో 2,430 ఉండాలి. ఇంటికొచ్చి సామానంతా దింపి, నీళ్ళు వదిలేసి, సిలిండర్లు కూడా తీసేసి మళ్ళీ పబ్లిక్ వేబ్రిడ్జ్ మీద తూస్తే 2,310 అని చీటీ వచ్చింది. పరిమితి దాటిన బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్ తోసిపుచ్చే వీలుంది, పోలీసు ఆపితే ఫైన్. మనం ఒక్క గ్రాము దాచకపోయినా సరే.

డీలర్‌కి ఫోన్ చేస్తే మొదట "ఆఫ్‌రోడ్ తిప్పారు, మా బాధ్యత లేదు" అన్నాడు. ఆఫ్‌రోడ్ ప్యాక్ అని అమ్మినవాడే ఆఫ్‌రోడ్ తిప్పారంటాడు! పైగా మేం తిప్పింది నల్లార్బర్ మీదుగా వెళ్ళే ఐర్ హైవే మీద. 1976 నుంచి అది మొత్తం తారు రోడ్డే. తర్వాత "వాడిన వస్తువు, ఉన్నది ఉన్నట్టుగా అమ్మాం" అన్నాడు. ఇది గుర్తుంచుకోండి: డీలర్ దగ్గర కొంటే సెకండ్‌హ్యాండ్ అయినా ఆస్ట్రేలియన్ కన్జ్యూమర్ లా వర్తిస్తుంది. 2021 జూలై నుంచి లక్ష డాలర్ల దాకా ఏ వస్తువుకైనా ఈ రక్షణ ఉంది. వయసునీ ధరనీ బట్టి వస్తువు తగిన నాణ్యతతో ఉండాలి, చెప్పిన వివరణకు సరిపోవాలి. "ఉన్నది ఉన్నట్టుగా" అని రసీదు మీద రాసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. అదే ఒక వ్యక్తి దగ్గర నేరుగా కొంటే నాణ్యత గురించిన ఈ గ్యారంటీలు ఉండవు. కొత్తది కొంటే బాధే లేదనుకోవద్దు కూడా. 2022లో వినియోగదారుల కమిషన్ ఏసీసీసీ కొత్త కారవాన్‌ల మీద ఇచ్చిన నివేదికలో, సర్వేకి జవాబిచ్చినవాళ్ళలో 80 శాతం ఏదో ఒక లోపం ఉందని చెప్పారు. మేం కాటా చీటీలు, ఫోటోలు, ప్రకటన స్క్రీన్‌షాట్లు జతచేసి ముందు డీలర్‌కి లిఖితపూర్వకంగా పంపాం, తర్వాత దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వ వినియోగదారుల శాఖ అయిన కన్జ్యూమర్ అండ్ బిజినెస్ సర్వీసెస్‌లో ఫిర్యాదు పెట్టాం. ఇలాంటి గొడవలో ఫోన్ మాటలకు విలువ లేదు, అన్నీ ఈమెయిల్లోనే నడపండి.

కొనబోయేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. డబ్బు మాట్లాడే ముందు "మీ ఖర్చుతోనో నా ఖర్చుతోనో, దగ్గర్లోని పబ్లిక్ వేబ్రిడ్జ్ మీద ఖాళీగా తూద్దాం" అనండి. అయ్యే ఖర్చు బండి ధరలో లెక్కలోకే రాదు. ఒప్పుకోకపోతే అక్కడి నుంచి వచ్చేయండి. వచ్చిన అంకెను ఏటీఎంలోంచి తీసేస్తే మీకు నిజంగా మిగిలేది తెలుస్తుంది. నలుగురి కుటుంబానికి నీళ్ళు, గ్యాసు కాక 300 కిలోలు మిగలకపోతే నేనైతే ఆ బండి వైపు చూడను. కొక్కెం బరువు విడిగా తూయించండి. అది కారు మోసే బరువులోనూ కలుస్తుంది కాబట్టి, వెనక సీట్లో పెద్దవాళ్ళు, డిక్కీలో సామాను ఉంటే కారు పరిమితి కూడా దాటిపోవచ్చు.

కిటికీల మూలలు, మంచం కింద, అలమరాల లోపలి గోడలు చేత్తో నొక్కి చూడండి. మెత్తగా దిగితే చెక్క కుళ్ళినట్టే. తేమ కొలిచే చిన్న మీటరు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, కొత్త వినైల్ కింద ఉన్నది అదే పట్టిస్తుంది. కొత్త సిలికాన్ కనిపిస్తే ఎందుకు పూశారో అడగండి. టైర్ల నాలుగంకెలు చదవండి, స్టెపినీతో సహా. రెండు డాలర్లు కట్టి పీపీఎస్ఆర్ అనే ప్రభుత్వ రిజిస్టర్‌లో చూస్తే బండి మీద ఎవరి అప్పయినా ఉందేమో తెలుస్తుంది. రెండు టన్నులు దాటే కారవాన్‌కి అన్ని చక్రాలకూ బ్రేకులు, కొక్కెం ఊడితే తనంతట తానే పట్టుకునే బ్రేక్‌అవే సిస్టమ్ తప్పనిసరి. దాని బ్యాటరీ మా బండిలో చచ్చిపోయి ఉంది, అది కూడా సెడూనాలోనే తేలింది.

పశ్చిమ ఆస్ట్రేలియాలోకి వెళ్ళేవాళ్ళు కరివేపాకు, పచ్చిమిర్చి, పళ్ళు, తేనె బోర్డర్ విలేజ్ క్వారంటైన్ దాకా తినేయండి. అక్కడ అన్నీ తీసేసుకుంటారు.

నిన్న చూస్తే అదే యార్డు ప్రకటనల్లో ఇంకో "ఫ్యామిలీ ఆఫ్‌రోడ్ ప్యాక్" ఉంది. బంక్ బెడ్లు రెండు, వెనక టూల్‌బాక్స్, రెండు స్టెపినీలు, ధర 41,000. అడిలైడ్ ఉత్తరాన ఎవరైనా ఇలాంటిది చూస్తుంటే, ఖాళీ కాటా చీటీ అడిగి, వాళ్ళేమన్నారో నాకు చెప్పండి. మా ఫిర్యాదుకి జతచేస్తాను.