ఏడేళ్లు వాడి చూశాక: చీటీలు, ఒక నోటుబుక్కు, పది నిమిషాల రికార్డింగు

దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో గణితం చెబుతాను. నేను చెప్పే పాఠం పిల్లలకు నిజంగా అందుతోందా లేదా అని తెలుసుకోవడానికి 2018 జూన్ నుంచి నా అంతట నేనే ఆధారాలు సేకరించుకుంటున్నాను. దీనికి నేను వాడేవి నాలుగే. రెండు వందల పేజీల నోటుబుక్కు, క్లాసు చివర పిల్లలు రాసిచ్చే చీటీలు, ఫోన్‌లో పాఠం రికార్డింగు, ఏడాదికి మూడు నాలుగు సార్లు తోటి టీచర్ వచ్చి వెనక బెంచీలో కూర్చోవడం. ఏడేళ్ల వాడకంలో వీటిలో ఏది పనికొచ్చిందో, ఏది బరువైందో చెప్తాను. 2024 డీఎస్సీలో ఉద్యోగం వచ్చిన చెల్లెళ్లు, తమ్ముళ్లు కొందరు తమ బోధనకు ఆధారాల ఫైలు ఎట్లా పెట్టుకోవాలని అడుగుతున్నారు. ముఖ్యంగా వాళ్ల కోసమే ఇది.

అంతకుముందు నా దగ్గరా ఫైలు ఉండేది, అదీ లావుగానే. గణిత దినోత్సవం ఫొటోలు, చార్టుల ఫొటోలు, పిల్లలు గుంపులుగా కూర్చున్న ఫొటోలు, శిక్షణల సర్టిఫికెట్లు అన్నీ అందులో ఉండేవి. ఒకసారి ప్యానెల్ ఇన్‌స్పెక్షన్‌కు, అంటే బడి తనిఖీకి వచ్చిన ఒక పెద్దాయన ఆ ఫైలంతా ఓపికగా తిరగేశారు. ఒక ఫొటో మీద వేలు పెట్టి, "ఈ రోజు పిల్లలు ఏం నేర్చుకున్నరమ్మా?" అని అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పిల్లలు ఆ రోజు క్లాసులో ఉన్నారని మాత్రమే ఆ ఫొటో చెబుతోంది. వార్షిక ప్రణాళికలో ఉపాధ్యాయుల ప్రతిస్పందన అనే గడి ఒకటి ఉంటుంది కదా, అందులో ప్రతి పాఠానికీ "పిల్లలు బాగా అర్థం చేసుకున్నారు" అనే రాసి ఉంది. అన్నీ నా చేతిరాతే. ఆ వేసవిలోనే కొత్త నోటుబుక్కు కొన్నాను.

అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది చీటీ. పాత నోటుబుక్కు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, క్లాసు అయిపోవడానికి నాలుగు నిమిషాల ముందు అందరికీ ఒకే లెక్క ఇస్తాను. పేరు రాయడం పిల్లల ఇష్టం. స్టాఫ్ రూంలో వాటిని మూడు కుప్పలు చేస్తాను: వచ్చినవి, సగం వచ్చినవి, రానివి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. అసలు విషయం రానివాటి కుప్పలో దొరుకుతుంది, అందులో ఒకే రకం తప్పు ఎన్నిసార్లు వచ్చిందో చూడాలి. మొదటి ఏడాది ఆరో తరగతిలో భిన్నాల కూడిక చెప్పి 2/3 + 1/4 ఇచ్చాను. ఆ రోజు వచ్చిన 36 మందిలో 22 మంది 3/7 అని రాశారు. పైవి పైవి కలిపారు, కిందివి కిందివి కలిపారు. "అర్థమైందా?" అంటే అంతకు ఐదు నిమిషాల ముందే క్లాసంతా "అర్థమైంది మేడం" అని ఒక్క గొంతుతో అన్నారు. చీటీలు లేకపోతే ఆ మాటే నమ్మి తర్వాతి అభ్యాసానికి పోయేదాన్ని.

ఆ సాయంత్రం నోటుబుక్కులో "22 మంది తప్పు చేశారు" అని రాసి, మళ్లీ దాన్ని కొట్టేసి, "22 మందికి నేను రెండు బై మూడు అని రెండు వేరువేరు అంకెలు వినిపించాను" అని రాశాను. ఆ వాక్యం రాయడానికి చాలా సేపు పట్టింది. "రెండు బై మూడు" అన్నప్పుడు పిల్లల చెవికి రెండూ మూడూ మాత్రమే వినిపిస్తాయి. అదే "మూడింట రెండు వంతులు" అంటే వంతు అనే వస్తువు ఒకటి కళ్ల ముందుకు వస్తుంది. పదేళ్లకు పైగా ఆ పాఠం చెబుతున్నా ఈ తేడా నాకు తోచలేదు. మర్నాడు నుంచి బోర్డు మీద ఏది రాసినా నోటితో తెలుగులో వంతులుగానే చదవడం మొదలుపెట్టాను.

మరుసటి వారం ఒక అమ్మాయి చీటీ మీద లెక్క పక్కన "తవ్వ, సోల కలిపితే 3 సోలలు" అని రాసింది. నేను ఇచ్చిన లెక్క 1/2 + 1/4. మన ఇళ్లలో బియ్యం కొలిచే మానికలో సగం తవ్వ, పావు సోల. తవ్వ అంటే రెండు సోలలు కాబట్టి మొత్తం మూడు సోలలు, అంటే ముప్పావు మానిక. హారాలు సమానం చేయడమంటే ఏమిటో నేను వారం రోజులు బోర్డు మీద కష్టపడి చెప్పిన సంగతిని ఆ పిల్ల ఒక్క ముక్కలో రాసింది. "ఎట్ల తెలిసింది బిడ్డా?" అంటే, "మా నాయనమ్మ కొలుస్తది మేడం" అంది. మర్నాడు నాలుగిళ్ల నుంచి సోలలు, తవ్వలు, మానికలు తెప్పించి జొన్నలు కొలిపించాను. మూడు వారాల తర్వాత చెప్పకుండా 1/2 + 3/8 ఇస్తే, వచ్చిన 35 మందిలో 4/10 రాసినవాళ్లు 8 మంది. ఆ ఎనిమిది మందినీ విడిగా కూర్చోబెట్టుకోవడానికి చీటీల మీద పేర్లు లేకపోయినా చేతిరాతలు చాలాయి.

ఇప్పుడు ఎవరైనా వచ్చి ఈ పాఠం గురించి అడిగితే నేను చూపించేవి మూడే కాగితాలు. మొదటి రోజు చీటీ ఒకటి, సోలల చీటీ, మూడు వారాల తర్వాతి చీటీ. మూడింటి మీదా తేదీలు ఉంటాయి, కింద నేనేం మార్చానో రెండు వాక్యాలు ఉంటాయి. మొదట్లో అన్ని చీటీలూ దాచి బీరువా నింపాను, అది తప్పు. ఇప్పుడు క్లాసుకు నాలుగైదు అంటించుకుని మిగతావి తీసేస్తాను.

రికార్డింగు గురించి చెప్పాలంటే, మొదటిసారి విన్నప్పుడు ఏడుపొచ్చింది. ఫోను టేబుల్ మీద పెట్టి పది నిమిషాలు రికార్డు చేసి, ఇంటికి వెళ్తూ బస్సులో విన్నాను. ప్రశ్న అడిగి, పిల్లలు ఊపిరి పీల్చుకునేలోపే నేనే జవాబు చెప్పేస్తున్నాను. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లోనే ఇదే గమనించారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని, మాట్లాడేవాళ్లూ పెరుగుతారని చూపించారు. చదివి తెలుసుకోవడం వేరు, నా గొంతులో నేనే వినడం వేరు. మూడు సెకన్లు ఆగడం అలవాటు కావడానికి నాకు దాదాపు ఒక టర్మ్ పట్టింది. తండా నుంచి వచ్చే పిల్లల్లో మార్పు బాగా తెలిసింది. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలు మనసులో ఒకసారి తెలుగులోకి తిప్పుకుని చెప్పాలి కదా, వాళ్లకు ఆ మూడు సెకన్లు చాలా అవసరం.

వీడియో మాత్రం తీయను. పిల్లల ముఖాలు ఎవరి ఫోన్లోకి పోతాయో తెలియదు. పైగా కెమెరా కనబడితే పిల్లలు మారిపోతారు, నేనూ మారిపోతాను. రికార్డు చేస్తున్నానని పిల్లలకు, పేరెంట్స్ మీటింగులో తల్లిదండ్రులకు చెప్పాను. విని రాసుకున్నాక ఆడియో తీసేస్తాను.

తోటి టీచర్ చూడడం అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా కష్టంగా కుదిరేదీ అదే. మా తెలుగు మేడం వెనక కూర్చుని, పిల్లలు కూర్చున్న వరుసలు గీసుకుని, నేను ఎవరిని ప్రశ్న అడిగితే ఆ చోట ఒక గీత పెడుతుంది. బాగుంది, బాగాలేదు అనదు, కాగితం చేతికిస్తుంది. మొదటిసారి కుడివైపు ముందు రెండు బెంచీల మీద గీతలు కిక్కిరిసి ఉన్నాయి, కిటికీ పక్క వరుస ఖాళీ. కానీ ఆమె రావాలంటే తన లీజర్ పీరియడ్‌లోనే రావాలి, ఎవరైనా సెలవు పెడితే వాళ్ల క్లాసుకు వెళ్లాల్సి వచ్చి ఆ ఖాళీ కాస్తా పోతుంది. అందుకే నాలుగు సార్లు దాటడం లేదు.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. ఒక ఏడాది నా నోటుబుక్కు ఒక అధికారి చేతికి వెళ్లింది. "ఈ పాఠం నా వల్ల కాలేదు" అని నేను రాసుకున్న పేజీని ఆయన అందరి ముందు చదివి, రిమార్కుల్లో నా బోధన బలహీనంగా ఉందని రాశారు. తర్వాత మూడు నెలలు నేను నిజం రాయలేకపోయాను, పేజీలన్నీ మళ్లీ "బాగా అర్థం చేసుకున్నారు"గా మారిపోయాయి. తప్పు రాసుకున్నందుకు శిక్ష పడితే ఏ టీచరూ తప్పు రాయరు. అప్పటి నుంచి రెండు పెట్టుకున్నాను. నోటుబుక్కు నాది, ఎవరికీ ఇవ్వను. టర్మ్‌కు ఒకసారి అందులోంచి రెండు మూడు పాఠాలు ఎంచుకుని, మొదటి చీటీ, నేను మార్చింది, చివరి చీటీ కలిపి ఫైలులో పెడతాను. ఆ ఫైలు ఎవరైనా చూడొచ్చు. ఇప్పటి మా హెచ్‌ఎం ఆ ఫైలు చూసి మాట్లాడే తీరు నాకు ధైర్యం ఇస్తుంది.

మార్కులను ఆధారంగా చూపించేటప్పుడు జాగ్రత్త అవసరం. ఎఫ్ఏ (మధ్య మధ్యలో చేసే మదింపు), ఎస్ఏ (టర్మ్ చివరి పరీక్ష) మార్కులు ఎలాగూ రిజిస్టర్లో ఉంటాయి. కానీ పత్తి ఏరే రోజుల్లో క్లాసులో మూడో వంతు బెంచీలు ఖాళీగా ఉంటాయి, కొందరు అమ్మానాన్నలతో హైదరాబాద్ పనికి పోతారు. ఆ సంగతి పక్కన రాయకుండా సగటు మాత్రమే చూపితే నాకూ అన్యాయమే, పిల్లలకూ అన్యాయమే. అందుకే ప్రతి సంఖ్య పక్కన ఆ రోజు ఎంతమంది వచ్చారో రాస్తాను. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల పిండిక్స్ స్వీయ మదింపు పత్రం తెలిసే ఉంటుంది, ఒకటి నుంచి నాలుగు దాకా మనకు మనమే వేసుకోవాలి. ఒకప్పుడు అన్నిటికీ మూడు వేసేదాన్ని. గీతల కాగితం పక్కన పెట్టుకుని నింపిన ఏడాది, పిల్లలందరికీ అవకాశం ఇవ్వడం దగ్గర రెండు వేసుకున్నాను. ఆ రెండు చూసుకునే ఆ ఏడాది ఏం చేయాలో నిర్ణయించుకున్నాను.

ఖర్చు ఏడాదికి ఒక నోటుబుక్కు, ఒక గమ్ సీసా. టైం వారానికి గంట పడుతుంది. మొదటి ఏడాది రోజూ రాయాలని పట్టుబట్టి దసరాకే అలసిపోయాను. ఇప్పుడు టర్మ్‌కు ఒక్క ప్రశ్న పెట్టుకుంటాను, దానికి జవాబు ఇచ్చేదే సేకరిస్తాను. కరోనాలో బడులు మూసి, 2020 సెప్టెంబర్ నుంచి టీశాట్, యాదగిరి టీవీ చానెళ్లలో పాఠాలు నడిచినప్పుడు ఈ పద్ధతి పూర్తిగా ఆగిపోయింది. వర్క్‌షీట్లు వచ్చేవి కానీ చాలావాటిలో అన్నల, అక్కల చేతిరాతే ఉండేది. పిల్ల ఎదురుగా కూర్చుని రాయని చీటీ నాకు ఏమీ చెప్పలేదు.

ఈ టర్మ్ నా ప్రశ్న మళ్లీ భిన్నాలే. పోయిన వారం ఆరో తరగతిలో ఒక పిల్లవాడు లెక్క చేయలేదు. చీటీ వెనక, "మేడం, మానికల మూడో వంతు కొలవాలంటే ఏ గిన్నె?" అని రాశాడు. సోల, తవ్వ అన్నీ సగం సగం చేసుకుంటూ పోయిన కొలతలు. మూడో వంతుకు మన ఇంట్లో గిన్నె లేదు. నేను 2018లో మొదటి చీటీలో ఇచ్చిన 2/3 లెక్కకు, ఇన్నేళ్లుగా నేను చెబుతున్న సోలల పాఠం చాలదని ఆ పిల్లవాడి చీటీతోనే నాకు తెలిసింది. దాన్ని కొత్త పేజీలో అంటించి తేదీ వేశాను, కింద ఇంకా ఏమీ రాయలేదు.