రోహ్‌తాంగ్ పైనుంచి సైకిల్ రైడ్ ప్యాకేజీ: అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

కడప, ప్రొద్దుటూరు సైకిల్ గ్రూపుల్లో ఒక వీడియో తిరుగుతాంది చూశారా? మంచుకొండలు, పచ్చిక, గేర్ సైకిల్ మీద జుయ్యిమని దిగిపోయే కుర్రాడు. కింద ఫోన్ నంబరు, '4 రాత్రులు, అన్నీ కలిపి' అని రేటు. దాన్ని చూసే మేం నలుగురం మనిషికి 18,500 కట్టినాం. ఇంకొకరు కట్టకుండా ఉండాలని రాస్తున్నా.

పాలకొండలు చూస్తూ పెరిగినోళ్లం, గండికోట దాకా తొక్కినోళ్లం, కొండలు మాకు కొత్తా అనుకున్నాం. ఆ పొగరు కూడా కొంచెం ఉండిందిలెండి.

ఢిల్లీ నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని సోమవారం పొద్దున మనాలిలో దిగినాం. ప్యాకేజీ కాగితంలో మంగళవారం 'రోహ్‌తాంగ్ టాప్ డౌన్‌హిల్' అని ఉంది, అంటే మనాలి పైనున్న రోహ్‌తాంగ్ కనుమ నుంచి కిందికి సైకిల్ మీద దిగడం. మంగళవారం పొద్దున వ్యాన్ వచ్చింది, 'పర్మిట్ రాలేదు సార్, సోలాంగ్ పోదాం' అన్నారు. సర్లే అనుకున్నాం. ఆ సాయంత్రం హోటల్లో వంట చేసే పెద్దాయన చెప్పినాడు అసలు సంగతి: మంగళవారం రోడ్డు పనుల కోసం రోహ్‌తాంగ్ దారిని టూరిస్టు బండ్లకు మూసేస్తారట. మిగతా రోజుల్లో కూడా బండికి ఆన్‌లైన్‌లో పర్మిట్ తీసుకోవాలి, రోజుకు ఇన్ని బండ్లని లెక్క ఉంటుంది. అక్కడే వ్యాపారం చేసేవాడికి ఇది తెలియకుండా ఉంటుందా? తెలిసే మంగళవారానికి రాసినాడు. కాబట్టి మీ కాగితంలో రోహ్‌తాంగ్ వారంలో ఏ రోజుకు పడిందో క్యాలెండర్ తీసి చూసుకోండి, పర్మిట్ కాపీ ముందే వాట్సాప్‌లో పంపమనండి.

సోలాంగ్ చలికాలంలో స్కీయింగ్ చేసే చోటు. జూన్‌లో మంచు ఉండదు, ఆ వాలంతా గడ్డి, బురద, గుర్రాల పేడ. తొక్కడానికి చెడ్డది కాదు, నిజం చెప్పాలంటే మాకు బాగా నచ్చింది. సైకిళ్లే నచ్చలేదు.

నాకిచ్చిన దానికి ఆయిల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు. వెనక బ్రేక్ లివర్ నొక్కితే మెత్తగా పోయి హ్యాండిల్‌కు తగులుతాంది. అడిగితే, 'దిగేటప్పుడు వేడెక్కితే గట్టిపడుతుంది సార్' అన్నాడు సైకిలిచ్చినోడు. పచ్చి అబద్ధం. ఆయిల్ లైనులో గాలి చేరితే లివర్ అట్లా మెత్తబడుతుంది, వేడెక్కేకొద్దీ ఇంకా చచ్చుబడుతుంది. రెండో వంపు దగ్గర వెనక బ్రేకు లేదు, ముందుది ఒక్కటే. బురదలో ముందు బ్రేకు గట్టిగా నొక్కితే ఏమవుతుందో తెలుసు కదా. మోచేయి, మోకాలు చీరుకుపోయినాయి, అంతటితో బతికిపోయినా. కిందికొచ్చి చక్రం విప్పించి చూస్తే డిస్కును పట్టుకునే బ్రేకు ప్యాడ్లలో మందం అర మిల్లీమీటరు కూడా మిగల్లేదు, ఒకవైపు ఇనుపరేకే డిస్కును గీకుతాంది.

ఈ పరీక్షకు మెకానిక్ అక్కర్లేదు. లివర్‌ను ఒక్క వేలితో నొక్కండి, సగం దూరంలోనే గట్టిగా ఆగాలి. నొక్కి పట్టుకుని సైకిల్‌ను ముందుకు తోయండి, చక్రం కదలకూడదు. ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగు ఫోర్కు మీద బరువేసి వదలండి, పైకి రావాలి, గొట్టాల మీద నూనె కారి ఉండకూడదు. హెల్మెట్ లోపలి థర్మోకోల్‌కు పగులు ఉంటే మార్చమనండి. ఇవన్నీ నేను నేర్చుకున్నది పడిన తర్వాత.

బుధవారం రోహ్‌తాంగ్. ఇది ఇంకో కత. కడప సముద్రమట్టానికి 138 మీటర్ల ఎత్తులో ఉంటుంది, రోహ్‌తాంగ్ 3,978. అక్కడ గాలి ఒత్తిడి మన ఊరితో పోలిస్తే పదికి ఆరు పాళ్లే. 2,500 మీటర్లు దాటితే ఎవరికైనా తలనొప్పి, వాంతులు మొదలు కావచ్చు, వయసుతో, కండలతో సంబంధం లేదు. మా బామ్మర్ది జిమ్‌కు పోయేవాడు, నలుగురిలో గట్టివాడు. పైన దిగిన అరగంటకు తల పట్టుకుని కూలబడినాడు, వాంతి చేసుకున్నాడు, అడుగులు తడబడుతున్నాయి. గైడ్ ఏమన్నాడో తెలుసా? 'వెల్లుల్లి నమలమనండి, సైకిలెక్కితే తగ్గిపోతుంది.' వాళ్ల దగ్గర ఆక్సిజన్ సిలిండర్ లేదు. నడక తూలేదాకా వచ్చిందంటే ప్రమాదమే, ఆలస్యం చేయకుండా కిందికి దించాలి. సైకిల్ మీద కాదు, బండిలో. నేను గొడవపడి జీపు ఎక్కించినా. కిందికొచ్చేసరికి మనిషి తేరుకున్నాడు. ఆ జీపుకు 3,000 అదనంగా తీసుకున్నారు.

ఆ పైకి పోయే ముందు మనాలిలో, సోలాంగ్‌లో రెండు రాత్రులన్నా పడుకుని, రోజంతా ఊరికే తిరగడానికి ప్యాకేజీలో చోటుందా లేదా అడగండి. లేదంటే ఆ ప్యాకేజీ వద్దు. ఇన్సూరెన్స్ ఉందంటే పాలసీ కాగితం చూపించమనండి, మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి ఇలాంటి సాహస క్రీడలు వర్తించవు.

కొసరు ఏంటంటే, సైకిళ్లకు డిపాజిట్ కింద కట్టిన 5,000 వెనక్కివ్వలేదు. 'మీరే ప్యాడ్లు అరగదీసినారు' అంట. ఒక్క రోజులో! సైకిల్ తీసుకునేటప్పుడే వీడియో తీసి ఉంటే ఆ మాట నోట్లోంచి వచ్చేది కాదు. మీరైనా తీసుకోండి, ప్యాడ్లు, డిస్కులు, టైర్లు అన్నీ.

కేసు వేయాలంటే హిమాచల్ దాకా పోవాలేమో అని భయపడినాం. అవసరం లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, రెండేళ్లలోపు. 5 లక్షల లోపు కట్టిన దానికి ఫీజు కూడా లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించినా. వాట్సాప్ మెసేజీలు, యూపీఐ రసీదులు, ప్యాకేజీ కాగితం, నా మోచేతి ఫొటోలు అన్నీ ప్రింట్ తీసి పెట్టినా, వచ్చే వారం కడపలోనే ఫిర్యాదు వేస్తున్నాం. వాళ్లకు పంపిన చివరి మెసేజీకి రెండు నీలం టిక్కులు పడి పన్నెండు రోజులైంది. అదే నంబరుతో కొత్త వీడియో మాత్రం మొన్న మళ్లీ వచ్చింది, ఈసారి రేటు 16,999.