మా ఇంట్లో పన్నెండేళ్లుగా ఉన్న ఒక తిక్క నవల

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట పరిచే పాత పుస్తకాల్లో 50 రూపాయలకు దొరికింది, డగ్లస్ ఆడమ్స్ రాసిన 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ'. ముప్పై పేజీలు చదివి అటక మీద పడేశాను. అస్సలు నవ్వు రాలేదు. ఆ ఇంగ్లిష్ వెటకారం తలకెక్కడానికి కాస్త టైం పడుతుంది.

1978లో బీబీసీ రేడియో నాటకంగా మొదలై, మరుసటి ఏడు నవలగా వచ్చింది. ఆర్థర్ డెంట్ అనే ఆయన ఇంటిని బైపాస్ రోడ్డు కోసం కూల్చడానికి పొద్దున్నే బుల్డోజర్లు వస్తాయి. ప్లాన్లు ఎప్పుడో పెట్టాం, చూసుకోవాల్సింది అంటారు అధికారులు. పెట్టింది ఎక్కడయ్యా అంటే, లైట్లు లేని సెల్లార్లో, ఎవరూ వాడని మరుగుదొడ్లో, తాళం వేసిన బీరువా అడుగున. తలుపు మీద 'చిరుతపులి ఉంది జాగ్రత్త' అని బోర్డు కూడా. ఇంకాసేపటికి వోగన్లు అనే గ్రహాంతరవాసులు వచ్చి, అంతరిక్ష బైపాస్ కోసం భూమినే లేపేస్తారు.

మా కాంపౌండ్ గోడ మీద రోడ్డు వెడల్పు కోసం ఎర్ర రంగు గీత పడ్డ రోజున ఈ పుస్తకం మళ్లీ కిందికి దిగింది. ఆఫీసు చుట్టూ మూడోసారి తిరిగినప్పుడు "నోటీసు బోర్డుకు పెట్టాం కదండీ" అన్నారు. బోర్డు ఉంది, బీరువా వెనకాల. నాకు పక్కున నవ్వొచ్చింది, ఆ గుమాస్తాకి ఒళ్లు మండింది. అంతకుముందైతే అక్కడే బీపీ పెంచుకుని అరిచేవాణ్ణి. ఆ రోజు బీరువా జరిపించి, ప్లాన్ ఫోటో తీసుకుని, ఇంటికొచ్చి టేపుతో కొలుచుకున్నాను. గోడ, వేపచెట్టు రెండూ పోయాయి. అయినా అన్నాళ్లూ రాత్రిళ్లు నిద్ర పట్టింది.

అంతరిక్షంలో తిరిగేవాడి దగ్గర ఉండాల్సిన అతి ముఖ్యమైన వస్తువు తువ్వాలు అంటాడు ఆడమ్స్. ఇంగ్లిష్‌వాళ్లకిది జోకు. సంక్రాంతి ముందు ఇమ్లీబన్ బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకున్నవాళ్లకి ఇందులో వింతేముంది? మా తాత భుజం మీద నుంచి అది దిగేదే కాదు. ఇప్పుడు నా స్కూటర్ డిక్కీలోనూ ఒకటుంది, మే నెల ఎండకి మొహానికి చుట్టుకోవడానికి.

లోపాలూ ఉన్నాయి. కథ సగంలో ఆపేసినట్టు ముగుస్తుంది. ట్రిలియన్ అనే అమ్మాయికి చేయడానికి పెద్దగా పనే లేదు. తర్వాతి భాగాలు రెండు చదివి ఆపేశాను. నా కాపీ అయితే నాలుగోసారి చదివేసరికి అట్ట ఊడింది, ఫెవికాల్ పెట్టాను. వోగన్ల కవిత్వం ఉన్న పేజీ ఎక్కడో పోయింది. విశ్వంలోనే చెత్త కవిత్వాల్లో అది మూడోదట, కాబట్టి వెతకలేదు.

ఇందులో ఒక మహా కంప్యూటర్ 75 లక్షల ఏళ్లు ఆలోచించి, జీవితం, విశ్వం అన్నిటికీ కలిపి జవాబు 42 అంటుంది. అసలు ప్రశ్నేమిటో మాత్రం ఎవరికీ తెలియదు. మా అమ్మాయి ఇంటర్ చదివేటప్పుడు గుమ్మంలోనే "ఎన్నొచ్చాయి?" అని అడగడం నాకు అలవాటు. ఒకరోజు తలెత్తకుండానే "నలభై రెండు" అంది. మార్కులో, ఈ పుస్తకం చదివేసిందో అర్థం కాలేదు. ఆ రోజు మళ్లీ అడగలేదు. టీ పెట్టనా అన్నాను.