43 కిలోల కుండీ బురద ఇచ్చాను, ఏం తిరిగొచ్చిందంటే

బంగారం పనివాళ్ళ దగ్గర పేరుకున్న మట్టిలోంచి బంగారం, వెండి తీసిచ్చే మనిషి గురించి ఇది. పేరు రాయను, అతనే వద్దన్నాడు. వైజాగ్ వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ దగ్గర బంగారం పని చేసే ఎవరినైనా 'మట్టి తీసే మరాఠీ ఆయన' అని అడగండి, సందు చూపిస్తారు. సాంగ్లీ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన మనిషి, మనకన్నా బాగా 'ఏటి బాబూ' అంటాడు.

మా నాన్న మలాము పని, అంటే బంగారు పూత పని చేసేవారు. గుడి కలశాలకి, విగ్రహాల తొడుగులకి. బంగారాన్ని పాదరసంలో వెన్నలా కలిపి, రాగి మీద పులిమి, కుంపటి సెగ చూపిస్తే పాదరసం ఎగిరిపోయి బంగారం అంటుకుని ఉండిపోతుంది. బ్రష్షులూ గిన్నెలూ చేతులూ కడిగిన నీళ్ళన్నీ పనిగది మూల సిమెంటు కుండీలోకి పోయేవి. నాన్న పోయాక నేను మలాము మానేశాను గానీ కుండీ అలాగే ఉంది, నా ఆకురాయి రజనూ, వెండి పొడీ అందులోకే. ఈ వేసవిలో టైల్స్ వేయిద్దామని కుండీ పగలగొట్టిస్తే అడుగున నల్లటి బురద. పార తగిలిన చోటల్లా ఆవగింజల్లాంటి తెల్ల పూసలు దొర్లాయి, పాదరసం. కూలీ కుర్రాడు వేలితో పొడవబోతే అరిచి ఆపాను.

పదేళ్ళ కిందట ఊడ్పు మట్టి, అంటే పనిగది ఊడ్చిన దుమ్ము, ఒకతనికిచ్చి మోసపోయాను కాబట్టి ఈసారి భయంభయంగానే వెళ్ళాను. అప్పుడు అతను మా మేడ మీదే మూకుడు పెట్టి, మంట ఊది, పాదరసం మొత్తం గాల్లోకి వదిలేశాడు, పక్కింటివాళ్ళ వడియాలు అక్కడే ఎండుతున్నాయి. చివరికి మిరియం గింజంత బంగారం నా చేతిలో పెట్టి 'ఇంతే వచ్చింది' అన్నాడు. నిజంగా ఎంత వచ్చిందో అతనికే తెలుసు.

ఇక్కడ మొదటి తేడా తూకం. బురద 43 కిలోలు, నా ఎదురుగానే తూచి సంచి మీద రాశారు. ఎండలో పెడదామంటే 'వద్దు ఆచారి గారూ, ఎండకి కూడా పాదరసం లేస్తుంది' అని నీడలో గాలికి ఆరబెట్టారు, ఆరాక 29 కిలోలు. అయస్కాంతం తిప్పి ఇనప రజను తీసేశాక నీళ్ళు పారే వాలు బల్ల మీద వేస్తారు, బల్ల సన్నగా ఊగుతూ ఉంటుంది. మా తాత రోజుల్లో జలగడిగేవాళ్ళు చెక్క పళ్ళెంతో చేసిన పనే ఇది, ఇప్పుడు మోటారు పెట్టారు. లెక్క మాత్రం పాతదే. ఒకే కొలత నీళ్ళతో పోలిస్తే ఇసుక రెండున్నర రెట్లకి పైన బరువు, వెండి పదిన్నర, పాదరసం పదమూడున్నర, బంగారం పందొమ్మిది. తేలికది కొట్టుకుపోతుంది, బరువైంది బల్ల మీద గీతలా మిగులుతుంది. ఆ గీత చూడ్డానికే గంటసేపు నిలబడ్డాను. ముందు నల్లగా, తర్వాత బూడిద రంగు, చివర్లో పాదరసం ముద్ద మెరుస్తూ.

ముద్దని తోలు గుడ్డలో పెట్టి పిండితే పలచటి పాదరసం కారిపోయింది, బంగారం, వెండి పట్టుకున్న గట్టి ముద్ద గుడ్డలో ఉండిపోయింది. దాన్ని మూత బిగించిన ఇనప కుండలో కాల్చారు. మూత నుంచి ఒక గొట్టం బయటికి వస్తుంది, దాని మీద తడి గోనె చుట్టి నీళ్ళు పోస్తూనే ఉంటారు. పాదరసం 357 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరవుతుంది, గొట్టంలో చల్లబడి చుక్కలు చుక్కలుగా కింద గిన్నెలో పడుతుంది. మా మేడ మీద ఎగిరిపోయింది అదే. ఆ ఆవిరికి రంగూ లేదు, వాసనా లేదు. నాన్నకి చివరి రోజుల్లో చేతులు వణికేవి, టీ గ్లాసు సాసర్లో పెట్టి ఇచ్చేవాళ్ళం. వయసు అనుకున్నాం.

తర్వాతదంతా మనకి తెలిసిన పనే. నైట్రిక్ యాసిడ్‌లో వేస్తే వెండి కరిగిపోతుంది, గోధుమ రంగు పొడిగా బంగారం మిగులుతుంది. ఆ ముద్దలో బంగారం పావు వంతు కంటే బాగా ఎక్కువుంటే యాసిడ్ లోపలిదాకా పోదు, కావాలని వెండి కలపాల్సి వస్తుంది, మాదాంట్లో వెండే ఎక్కువ కాబట్టి ఆ గొడవ లేదు. కరిగిన వెండిలో రాగి రేకు వేలాడదీస్తే రేకుకి వెండి బూజులా పట్టింది. పొడిని వెలిగారం వేసి మూసలో కరిగించి టంచ్, అంటే ఎంత స్వచ్ఛమో, చూపించారు.

బంగారం 11 గ్రాముల 240 మిల్లీగ్రాములు. అందులో నూటికి పన్నెండు కోత, నాకొచ్చింది 9.891. వెండి 92 గ్రాములు, దానికి కోత లేదు. వీటి తర్వాత ఒక దగ్గు మందు సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు, 380 గ్రాముల పాదరసం, పైన కొంచెం నీళ్ళు పోసి ఉంది. సీసాలో పావు వంతు మించి లేదు గానీ ఎత్తబోతే చెయ్యి కిందకి లాగింది. 'తీసుకెళ్తారా, ఇక్కడే ఉంచమంటారా?' నాకు ఈయన మీద నమ్మకం కుదిరింది అప్పుడే. బంగారం దాచేవాడైతే పాదరసం తూచి చూపించడు, ఏ ముద్ద నుంచి ఎంత వచ్చిందో లెక్క దొరికిపోతుంది కదా. ఇంట్లో పిల్లలున్నారని వదిలేసి వచ్చాను.

కాలిఫోర్నియాలో 1849 నుంచి బంగారం కోసం ఎగబడి, తర్వాత కొండల్నే నీటి గొట్టాలతో కొట్టి, ఆ మట్టి పారే తూముల్లో పాదరసం పోసేవాళ్ళు. 1884లో కోర్టు దాన్ని ఆపించింది, జారిపోయిన పాదరసం మాత్రం ఇప్పటికీ అక్కడి నదుల బురదలో ఉంది, తవ్వి తీస్తే దాంతో పాటు బంగారమూ వస్తోంది. మా కుండీ కథా అదే, కాకపోతే చిన్నది. కుండీ నిండి పొర్లినప్పుడు నీళ్ళు వీధి కాలువలోకి పోయేవి, కాలువ సముద్రంలోకి. జపాన్‌లో మినమాట అనే ఊళ్ళో ఫ్యాక్టరీ పాదరసం అఖాతంలోకి పోయి, చేపలు తిన్నవాళ్ళు పడిపోయారు, 1956లో ఆ జబ్బు బయటపడింది. ఆ ఊరి పేరుతోనే పాదరసం మీద ప్రపంచ ఒప్పందం ఉంది, మన దేశం 2018లో చేరింది. మేమేమో ఆదివారం వంజరం చేప లేనిదే ముద్ద దిగని ఇల్లు.

ఇక తిట్లు. వారం అన్నారు, ఇరవై రెండు రోజులు పట్టింది. ఫోన్ ఎత్తరు. మిగిలిన మట్టికి 1,800 రూపాయలు విడిగా అడిగారు, అదీ చివర్లో. పాదరసం కొంత పిండిలా విరిగి మట్టిలోనే ఉండిపోతుందట, అందుకే పారబోయకుండా పరవాడ ఫార్మా సిటీలో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటికి తమ లెక్కలో పంపుతారట. మంచి పనే, కాగితం కూడా చూపించారు. ముందే చెప్తే ఏం పోయింది? బేరం చేసి 1,500 ఇచ్చాను.

ఐదుకి నాలుగు మార్కులు. కిలో రెండు కిలోల ఊడ్పు మట్టికైతే వెళ్ళకండి, ఆటో డబ్బులు దండగ. పాత కుండీ ఉంటే మాత్రం ఎండనివ్వకుండా తడిగానే మూత డబ్బాలో పట్టుకెళ్ళండి, తూకం దగ్గర మీరే నిలబడండి. బుధవారం వద్దు, ఆ రోజు యాసిడ్ పని, గుమ్మం లోపలికి రానివ్వరు.