సముద్రం దాకా సైకిల్ రైడ్ అని డబ్బు కడుతున్నారా? ముందు ఇది చదవండి

అదే పోస్టర్ నిన్న మళ్ళీ మా కాలనీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ఈసారి క్లబ్బు పేరు వేరు, బీచ్ సూర్యలంక, ఫీజు 8,000. కానీ కిందున్న ఫోన్ నంబరు, డబ్బు పంపమన్న యూపీఐ ఐడీ రెండూ నాకు బాగా తెలిసినవే. జనవరిలో ఇలాంటి రైడ్ కోసమే నేను 6,500 పంపింది ఆ ఐడీకే. అందుకే పనులు పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. అయినా నెలకో పేరు మార్చేవాళ్ళ పేరు తెలిసి మీకు ఒరిగేదేముంది, వాళ్ళ పద్ధతి తెలిస్తే చాలు.

మాకు అమ్మిన సరుకు ఇది. ఎల్బీనగర్ నుంచి బందరు దగ్గర మంగినపూడి బీచ్ దాకా, 65వ నంబరు జాతీయ రహదారి మీద రెండు రోజుల్లో సుమారు 350 కిలోమీటర్లు. మొదటి రాత్రి కోదాడలో బస. ఫీజులోనే జెర్సీ, మెడల్, తిండి, గదికి ఇద్దరు చొప్పున లాడ్జి, వెంట సపోర్ట్ వ్యాన్, మెకానిక్, ఇన్సూరెన్స్, తిరిగి రావడానికి మనకు బస్సు, సైకిళ్ళకు డీసీఎం లారీ. పోస్టర్ మీద తెల్లటి ఇసుక, దాని మీదికి వంగిన కొబ్బరిచెట్లు. మంగినపూడి చూసినవాళ్ళు ఆ బొమ్మ చూడగానే నవ్వేసేవాళ్ళు, అక్కడుండేది నల్లమట్టి. నేను చూసి ఉండలేదు, నవ్వలేదు, డబ్బు కట్టాను.

నిర్వాహకుడికి ఫోన్ చేసి అడిగితే, "హైదరాబాద్ సముద్రానికి 500 మీటర్ల పైన ఉంది బ్రదర్, బెజవాడ పాతిక మీటర్లు కూడా ఉండదు. దారంతా పల్లమే, కొత్తవాళ్ళు కూడా తొక్కేస్తారు" అన్నాడు. లెక్క తప్పు కాదు. కాకపోతే ఆ పల్లం 270 కిలోమీటర్ల పొడవునా పరుచుకుని ఉంటుంది. మధ్యలో ఎక్కి దిగేవి ఎన్నో. సైకిల్ మీద ఉన్నవాడికి ప్రతి ఫ్లైఓవరూ ఒక గుట్టే.

తెల్లవారుజామున నాలుగింటికి రమ్మన్నారు. వ్యాన్ వచ్చింది ఐదుంపావుకి. లేటయిందని హడావుడి పెట్టి, ఫోన్ టార్చి వెలుగులో ఒక కాగితం మీద 46 మంది చేత సంతకాలు పెట్టించారు. అందులో ఏముందో నేను చదవలేదు. ఎవరూ చదవలేదు. ఆ కాగితం సంగతి మళ్ళీ వస్తుంది.

46 మందికి ఒకటే వ్యాన్. అసలు కథంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. గుంపులో గట్టివాళ్ళు గంటకు 28 కిలోమీటర్లు తొక్కుతారు, నాలాంటివాళ్ళు 18. ముందువాళ్ళు చిట్యాలలో ఇడ్లీ తినే వేళకు వెనకవాళ్ళు ఇంకా చౌటుప్పల్ దగ్గరే ఉంటారు. ఒక్క వ్యాన్ రెండు చోట్లా ఉండలేదు. ఉంటే చివరి మనిషి వెనకాలే ఉండాలి, సైకిల్‌వాళ్ళు దాన్ని స్వీప్ అంటారు. మా వ్యాన్ మాత్రం ముందువాళ్ళ పక్కనే నడిచింది. ఎందుకంటే డ్రోన్ కెమెరా అందులో ఉంది, వీడియోలో బాగా కనిపించేది ముందువాళ్ళే. వచ్చే రైడ్ అమ్ముకోవడానికి ఆ వీడియో కావాలి. అంటే మా ఫీజుతో వాళ్ళు వాళ్ళ ప్రకటన తీసుకున్నారన్నమాట.

నాకు మొదటి పంక్చర్ నకిరేకల్ దాటాక అయింది. హైవే అంచున తొక్కేవాళ్ళకు ఇది తెలిసిన బాధే. లారీ టైర్లు పేలినప్పుడు వాటిలోని సన్న ఇనప తీగలు రోడ్డు పక్కన పడి ఉంటాయి, వెంట్రుకంత ఉంటాయి, సైకిల్ టైర్లోకి సూదిలా దిగుతాయి. నా దగ్గరున్న ఒక్క స్పేర్ ట్యూబు మార్చాను. కేతేపల్లి దగ్గర మళ్ళీ గాలి పోయింది. మొదటిసారి టైరు లోపల తడిమి చూడలేదు, తీగ అక్కడే ఉండిపోయింది. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను.

వ్యాన్‌కి ఫోన్ చేస్తే "పది నిమిషాల్లో ఉంటాం సార్" అన్నారు. గంటా యాభై నిమిషాల తర్వాత వచ్చారు. మెకానిక్ అని చెప్పిన కుర్రాడు ట్యూబు తీసి ఇచ్చాడు. దాని వాల్వు లావుది, మోటార్ సైకిల్‌కి ఉండేలాంటిది. నా రిమ్ముకున్న రంధ్రం సన్న వాల్వుది. దూర్చి చూశాడు, తిప్పి దూర్చి చూశాడు, ఆఖరికి రిమ్ముకు డ్రిల్ వేద్దామా సార్ అన్నాడు. వ్యాన్‌లో ఉన్న ట్యూబులన్నీ ఆ రకమేనట. రోడ్ బైకులు అనే సన్న టైర్ల సైకిళ్ళన్నిటికీ దాదాపుగా సన్న వాల్వే ఉంటుంది, వాటితోనే రైడ్ నడుపుతూ ఒక్కటీ పెట్టుకోలేదు. నన్నక్కడే వదిలేసి వ్యాన్ వెళ్ళిపోయింది, ముందు ఎవరికో గేరు పాడయిందని.

చివరికి నన్ను గట్టెక్కించింది రోడ్డు పక్క పంక్చర్ షాపతను. "అన్నా, ఈ వాల్వుకి మా మిషన్ గాలి ఎక్కదు" అన్నాడు. కానీ నీళ్ళ తొట్లో ట్యూబు ముంచి, బుడగ వచ్చిన చోట గీకి, ప్యాచ్ వేశాడు. టైరు లోపల దూదిపింజ పెట్టి చుట్టూ తిప్పాడు. దూది ఒకచోట చిక్కుకుంది. అక్కడ కటింగ్ ప్లయరుతో తీగ లాగి నా అరచేతిలో పెట్టాడు, గోరంత కూడా లేదు. గాలి నా చేతి పంపుతోనే కొట్టుకున్నాను. 40 రూపాయలు తీసుకున్నాడు. ఆ రెండు రోజుల్లో డబ్బుకి తగ్గ పని చేసిన మనిషి అతనొక్కడే.

సూర్యాపేటలో భోజనం అయిపోయిందన్నారు. కోదాడ లాడ్జిలో గదికి నలుగురం. ఇవి పెద్దగా చెప్పుకునేవి కావు, పెళ్ళిళ్ళలో ఇంతకన్నా ఎక్కువే సర్దుకుంటాం.

రెండోరోజు జరిగింది మాత్రం సర్దుకునేది కాదు. మాతో ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఉన్నారు, 62 ఏళ్ళు, అందరం బాబాయ్ అనేవాళ్ళం. నందిగామ దాటాక రాంగ్ రూట్లో వచ్చిన బండిని తప్పించబోయి పడ్డారు. భుజం పట్టుకుని లేవలేకపోయారు. వ్యాన్ నంబరు మోగుతోంది గానీ ఎత్తరు. నిర్వాహకుడి ఫోన్ స్విచాఫ్. ఆగిన లారీ డ్రైవరే "1033కి కొట్టండి సార్, హైవే వాళ్ళది" అని చెప్పాడు. కొట్టాం, అంబులెన్స్ వచ్చింది. ఈ నంబరు ఇప్పుడే ఫోన్లో పెట్టుకోండి, జాతీయ రహదారి మీద ఎక్కడైనా పనిచేస్తుంది. కాలర్ బోన్‌లో సన్న పగులు అన్నారు. ఇన్సూరెన్స్ పాలసీ నంబరు ఇవ్వమని వాళ్ళబ్బాయి ఇరవై రోజులు తిరిగాడు. ఆఖరికి మేం సంతకాలు పెట్టిన ఆ కాగితం ఫొటో పంపారు. "ఏ ప్రమాదం జరిగినా పూర్తి బాధ్యత నాదే" అని ఉంది అందులో. పాలసీ అంటూ ఏమీ లేదు.

బెజవాడ నుంచి బందరు దాకా 70 కిలోమీటర్లు బల్లపరుపు. తేలిక అనుకున్నాం. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి మొదలవుతుందని, అది సరిగ్గా మొహం మీదికే కొడుతుందని బందరు బస్సెక్కే ఎవర్ని అడిగినా చెప్తారు. ఆ దారిలో రైడ్ పెట్టేవాడు కోదాడ నుంచి చీకటితోనే బయల్దేరదీయాలి. మమ్మల్ని ఏడింటికి బయల్దేరదీశారు, డ్రోన్‌కి వెలుతురు కావాలి కదా. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్ల వెనక నక్కి కాసేపు గాలి తప్పించుకున్నాను. పామర్రు దాటాక అదీ లేదు, తొక్కుతుంటే నిలబడ్డట్టే ఉంది.

మంగినపూడి చేరేసరికి పొద్దు గుంకుతోంది. నీళ్ళలో చీలమండల దాకా నిలబడ్డాను. కాళ్ళ కింద మట్టి మెత్తగా, చల్లగా జారింది. అది బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. వెనక్కి తిరిగి చూస్తే టెంటు విప్పేస్తున్నారు, మెడళ్ళు ఒక అట్టపెట్టెలో ఉన్నాయి, ఎవరిది వాళ్ళు తీసుకోవాలట.

ఆ మెడల్ మీద "బ్రెవే" అని అచ్చు వేశారు. కొత్తవాళ్ళు మోసపోయేది ఇక్కడే కాబట్టి చెప్తున్నాను. బ్రెవే అంటే పెట్టిన టైం లోపల పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్. మన దేశంలో అసలు బ్రెవేలు ఆడాక్స్ ఇండియా రాండోనర్స్ అనే సంస్థ కింద జరుగుతాయి. 300 కిలోమీటర్లకు 20 గంటలు, 400కి 27 గంటలు అని టైం ఉంటుంది. వాళ్ళ క్యాలెండర్లో లేని రైడ్‌కి ఆ మాట వాడుకోవడం ఉత్త హంగు. పైగా అసలు బ్రెవేలో సపోర్ట్ ఉండదని ముందే చెప్తారు, మీ ట్యూబు మీరే మోసుకోవాలి, మీ లైటు మీరే చూసుకోవాలి. అలాంటి రైడ్‌లో వ్యాన్ రాలేదని ఎవరూ ఏడవరు. ఇక్కడ వ్యాన్ పేరు చెప్పే కదా మా దగ్గర డబ్బు తీసుకున్నది.

ఇక డీసీఎం. సైకిళ్ళను నిలబెట్టి కట్టాలి, మధ్యలో గోనెపట్టాలో దుప్పట్లో పెట్టాలి. మావాటిని కట్టెల మోపులా ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టారు. నాది అడుగున, అదీ చైను ఉన్న వైపు కిందికి. ముందు చక్రం ఊడదీసి, డిస్కు బ్రేకు సందులో అట్టముక్క కూడా పెట్టలేదు. హైడ్రాలిక్ బ్రేకుకి చక్రం లేనప్పుడు లివర్ నొక్కుకుపోతే లోపలి ప్యాడ్లు రెండూ దగ్గరకొచ్చి అతుక్కుంటాయి, తర్వాత డిస్కు దూరదు. "రేపు పొద్దున్నే ఎల్బీనగర్‌లో దించుతాం" అన్నారు. నాలుగు రోజుల తర్వాత హయత్‌నగర్‌లో ఒక గోడౌన్‌కి రమ్మన్నారు. అక్కడ దింపుడు కూలి అని 500 అడిగారు. గేర్లు మార్చే డీరైలర్‌ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ లోపలికి వంగిపోయి ఉంది, డీరైలర్ చక్రం పుల్లలను తాకుతోంది. షాపులో 4,200 అయింది. ఆ బిల్లు గ్రూపులో పెట్టాను. పెట్టిన ఐదు నిమిషాలకు నన్ను గ్రూపులోంచి తీసేశారు.

తర్వాత 1915కి ఫోన్ చేశాను, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. వాళ్ళ ద్వారా నోటీసు వెళ్ళాక ఫోన్ వచ్చింది, "2,000 ఇస్తాం బ్రదర్, ఎక్కడా రాయకండి" అని. వద్దన్నాను. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను. 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, రెండేళ్ళ లోపు వెయ్యాలి. ఇబ్బందల్లా ఆధారాల దగ్గరే. పోస్టర్‌ని గ్రూపులోంచి డిలీట్ చేశారు. డబ్బు వెళ్ళింది ఒక మనిషి సొంత ఖాతాకి. బిల్లు లేదు. ఎవరో స్నేహితుడు తీసి పెట్టుకున్న స్క్రీన్‌షాట్ లేకపోతే నా దగ్గర చెప్పుకోవడానికి నోరు తప్ప ఏమీ ఉండేది కాదు.

కాబట్టి సూర్యలంక రైడ్‌కి కడదామనుకునేవాళ్ళు ముందు పోస్టర్ని ఫోన్లో దాచుకోండి. ఎంతమందికి ఎన్ని బండ్లు, చివరి మనిషి వెనక ఏ బండి ఉంటుంది, దాని డ్రైవర్ నంబరేంటి అని అడిగి, జవాబు మెసేజ్‌లో తెప్పించుకోండి, ఫోన్లో చెప్తే లెక్కలేదు. ఇన్సూరెన్స్ ఉందంటే బయల్దేరే ముందే మీ పేరున్న పాలసీ కాగితం అడగండి. సంతకం పెట్టమన్న కాగితం రెండు రోజుల ముందే పంపమనండి. సైకిల్ లారీ ఎక్కించేటప్పుడు పక్కనే ఉండండి, నాలుగు వైపులా ఫొటోలు తీయండి, ఆకలేస్తున్నా బస్సెక్కి కూర్చోకండి. నేను బజ్జీలు తింటూ బస్సులో కూర్చున్నాను. మీ సైజు ట్యూబులు రెండు, ప్యాచ్ డబ్బా, పంపు మీ దగ్గరే ఉండాలి, ఎవరు ఎంత సపోర్ట్ ఇస్తామన్నా సరే. ఇవన్నీ అడిగితే విసుక్కున్నాడంటే ఇక మీరే అర్థం చేసుకోండి.

జనవరి రైడ్‌లో మాతో వచ్చినవాళ్ళు ఎవరైనా ఇది చూస్తే, రిపేరు బిల్లులూ, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లూ నాకు పంపండి, అందరివీ కలిపి వేద్దాం. బాబాయ్ గారి భుజం ఇప్పుడు ఫర్వాలేదు. ఇంకో మాట, గోడౌన్ నుంచి వచ్చినప్పుడు నా సైకిల్ హ్యాండిల్‌కి ఎవరిదో ఎర్ర హెల్మెట్ తగిలించి ఉంది. లోపల స్కెచ్ పెన్నుతో బ్లడ్ గ్రూపు రాసి ఉంది. ఏ గ్రూపో చెప్పినవాళ్ళకి ఇచ్చేస్తాను.