శివరాత్రి అమ్మకాల్లో మల్లె మొక్కలు కొనకండి: డాలస్ చుట్టుపక్కల తెలుగువారికి హెచ్చరిక

టెక్సస్‌లోని డాలస్, ఇర్వింగ్, ఫ్రిస్కో ప్రాంతాల్లో ఉంటూ ఇంటి వెనక నాలుగు మల్లెపూలు పూయించుకోవాలని ఆశపడేవారికి ఈ మాట. ఫిబ్రవరిలో ఇక్కడ మల్లె, కనకాంబరం, మందార మొక్కలు అమ్మకానికి వస్తాయి. అప్పుడు కొనకండి. ఇప్పటికే కొని ఉంటే నేలలో మాత్రం నాటకండి.

నేను నాలుగు గుండుమల్లెలు, రెండు కనకాంబరాలు, ఒక ముద్దమందార తెప్పించుకున్నాను. రవాణాతో కలిపి 200 డాలర్లు దాటింది. అమ్మినాయన తెలుగువారే. "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది కదండీ, నిశ్చింతగా నాటుకోండి" అన్నారు. ఆ వారమంతా పగలు 75 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ కాసింది కూడా. ఒంగోలు నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు దగ్గరుండి గుంతలు తీయించి, తన చేత్తో నాటారు. మార్చి మొదటి వారంలో ఒక రాత్రి చలి 29 డిగ్రీలకు, అంటే గడ్డకట్టే స్థాయి కిందికి, దిగింది. తెల్లవారి చూస్తే కనకాంబరం ఆకులు ఉడికించిన తోటకూరలా నల్లబడి వేలాడుతున్నాయి. ఆవిడ ఆ రోజంతా పెరటివైపు వెళ్లలేదు.

సామెతలో తప్పు లేదు, అది పుట్టిన నేల వేరు. అక్కడ మధ్య ఆసియా చలిగాలికి హిమాలయాలు అడ్డం నిలుస్తాయి. ఇక్కడ కెనడా నుంచి టెక్సస్ దాకా అంతా మైదానమే. ఉత్తరపు గాలి తిరిగిందంటే మధ్యాహ్నం చొక్కాతో తిరిగినవాళ్లం రాత్రికి కోటు వెతుక్కుంటాం. ఈ ప్రాంతంలో ఆఖరి గడ్డకట్టే చలి సగటున మార్చి మధ్యలో వస్తుంది. సగటు అంటే, ఆ తర్వాత కూడా వచ్చే సంవత్సరాలు చాలా ఉన్నాయని అర్థం. ఏడాదంతా ఇక్కడ ఉండి వ్యాపారం చేసేవారికి ఇది తెలియదంటే నేను నమ్మను.

ఆయన అమ్మకం ప్రకటనలో "మీ జోన్‌కు అనువైనది" అని కూడా రాశారు. జోన్ సంఖ్య చలికాలంలో కనిష్ఠ ఉష్ణోగ్రత సాధారణంగా ఎంతవరకు పడుతుందో చెబుతుంది, అంతే. ఎప్పుడు నాటాలో చెప్పదు. పైగా మనది 8వ జోన్. గుండుమల్లెకు సాధారణంగా 9, అంతకంటే వెచ్చని జోన్లు కావాలి. కాబట్టి మల్లెను కుండీలోనే ఉంచి, రాత్రి చలి 50 డిగ్రీలకు దగ్గరపడగానే లోపలికి తెచ్చుకోవడం మేలు.

డబ్బు వెనక్కి అడిగితే "చలి నష్టానికి హామీ వర్తించదు" అన్నారు. ఆ మాట రసీదు అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. కొనేముందు అది అడిగి తెలుసుకోండి. మొక్క వెచ్చని గాజు ఇంట్లో పెరిగిందా, ఆరుబయట ఎన్ని రోజులు అలవాటు చేశారు అన్నదీ అడగండి. లోపలి నుంచి నేరుగా వచ్చిన మొక్కను వారం పది రోజులు నీడలో పెట్టి, కొద్దికొద్దిగా ఎండకు, గాలికి అలవాటు చేయాలి.

అప్పటినుంచి నేను ఏప్రిల్ మొదటి వారం దాకా ఆగుతున్నాను. మా వీధిలోని పెద్దాయన, ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, పీకాన్ అనే ఇక్కడి గింజల చెట్టు చిగురించేదాకా పూలమొక్కలు నాటరు. నేనూ ఆ చెట్టునే చూస్తున్నాను. అలాగని జూన్ దాకా ఆగితే వేరు కుదురుకోకముందే ఎండ మాడ్చేస్తుంది. అక్టోబరులో సగం ధరకు ఇచ్చే మందారాలదీ ఇదే గొడవ, చలికాలం లోపు వేరూనవు.

ఇప్పటికే నాటేసినవారు, చలి హెచ్చరిక ఉన్న రోజు పగలే పాదుకు నీళ్లు పెట్టండి. సాయంత్రం పాత దుప్పటి నేలను తాకేలా కప్పండి. ప్లాస్టిక్ పట్టా ఆకులకు తగలకూడదు. మాడిన కొమ్మలను వెంటనే కత్తిరించకండి, ఎరువు వేయకండి. గోటితో బెరడు గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. మా మల్లెల్లో రెండు మే నెలలో వేరు దగ్గర్నుంచి చిగురు వేశాయి. కనకాంబరాలు రాలేదు.